సొంతంగా కెమిస్ట్రీ, 9వ పాఠం: కనబడని ఒకటి

ఈ పాఠంలో శాతాల నుంచి ఎంపిరికల్ ఫార్ములా కట్టడం మొదలుపెట్టాలి. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి చివర్లో నాలుగు అణు ఫార్ములాలు ఇచ్చి ఎంపిరికల్ ఫార్ములాలు రాయమన్నాను కదా. గ్లూకోజ్ దాదాపు అందరూ సరిగ్గా చేశారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం కూడా చాలామందికి వచ్చింది. ఇథనాల్ దగ్గర మాత్రం సగం మందికి పైగా జారిపోయారు. మిరపకాయకి కారాన్నిచ్చే క్యాప్సైసిన్ దగ్గర సరైన జవాబు రాసినవాళ్లు చాలా తక్కువ. రెండు చోట్లా తప్పు ఒక్కటే. శాతాల లెక్క మొత్తం దీని మీదే నిలబడుతుంది కాబట్టి, ముందు ఈ ముడి విప్పుకుందాం.

ఒక మాట. ఇక్కడ కార్బన్‌కి సి, హైడ్రోజన్‌కి హెచ్, ఆక్సిజన్‌కి ఓ, నైట్రోజన్‌కి ఎన్, ఫాస్ఫరస్‌కి పి అని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. నోట్‌బుక్‌లో మీరు మామూలుగా రాసే గుర్తులే రాయండి.

అణు ఫార్ములా అంటే ఒక అణువులో ఏ పరమాణువులు ఎన్నెన్ని ఉన్నాయన్న లెక్క. ఎంపిరికల్ ఫార్ములా, అంటే తెలుగు మీడియం పుస్తకాల్లోని అనుభావిక ఫార్ములా, ఆ పరమాణువుల నిష్పత్తిని వీలైనంత చిన్న పూర్ణాంకాల్లో చెబుతుంది. గ్లూకోజ్ సి₆హెచ్₁₂ఓ₆. 6, 12, 6 మూడింటినీ 6తో భాగిస్తే 1, 2, 1. కాబట్టి సిహెచ్₂ఓ. గ.సా.భా. తీయడం మీరు స్కూల్లోనే చేశారు, దాన్ని మళ్లీ చెప్పను.

ఇప్పుడు ఇథనాల్. అణు ఫార్ములా సి₂హెచ్₆ఓ. ఎక్కువమంది రాసిన జవాబు సిహెచ్₃ఓ. ఎలా వచ్చిందో తెలుస్తూనే ఉంది. కళ్లకి 2, 6 కనబడ్డాయి, రెండూ సరి సంఖ్యలు, 2తో కొట్టేశారు. ఆక్సిజన్ కింద ఏ అంకే లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.

ఆక్సిజన్ కింద అంకె లేకపోవడం కాదు, అక్కడ 1 ఉంది. రాయం, అంతే. రాయనంత మాత్రాన లెక్కలోంచి పోదు. ఇథనాల్‌లో నిష్పత్తి 2, 6, 1. ఈ మూడింటినీ భాగించే సంఖ్య 1 తప్ప ఇంకోటి లేదు. అంటే ఇథనాల్‌కి అణు ఫార్ములా, ఎంపిరికల్ ఫార్ములా రెండూ ఒకటే: సి₂హెచ్₆ఓ.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుబడుతున్నానంటే కారణం ఉంది. మీరు రాసిన సిహెచ్₃ఓ నిజంగా ఒక పదార్థానికి చెందిన ఎంపిరికల్ ఫార్ములా. సి₂హెచ్₆ఓ₂ని 2తో భాగిస్తే సరిగ్గా అదే వస్తుంది. ఆ పదార్థం ఇథిలీన్ గ్లైకాల్. కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో ఉండేది. తాగితే కిడ్నీలు పాడయ్యే విషం. శానిటైజర్‌లో ఉండే ఇథనాల్‌ని లెక్క పెట్టబోయి కూలెంట్ ఫార్ములా రాశారన్నమాట. కనబడని ఒక్క అంకెని వదిలేస్తే పదార్థమే మారిపోయింది.

శాతాలు తీసి చూస్తే తప్పు ఇంకా బాగా తెలుస్తుంది. ఇథనాల్ అణుభారం 46. అందులో కార్బన్ 24, హైడ్రోజన్ 6, ఆక్సిజన్ 16. శాతాల్లో కార్బన్ 52.2, హైడ్రోజన్ 13.0, ఆక్సిజన్ 34.8. ఇప్పుడు సిహెచ్₃ఓ తీసుకోండి. మొత్తం 31. కార్బన్ 38.7, హైడ్రోజన్ 9.7, ఆక్సిజన్ 51.6. ఒక్క శాతం కూడా కలవలేదు. సరైన ఎంపిరికల్ ఫార్ములాకి శాతాలు ఎప్పుడూ అణు ఫార్ములాతో సరిగ్గా కలుస్తాయి. గ్లూకోజ్‌లో కార్బన్ 180కి 72, అంటే 40 శాతం. సిహెచ్₂ఓలో 30కి 12, అదీ 40 శాతమే. జవాబు మీద అనుమానం వస్తే ఒక మూలకం శాతం రెండు వైపులా తీసి చూడండి, చాలు. మూడూ తీయక్కర్లేదు.

కొందరు ఇంకో దారిలో వెళ్లారు. ఆ కనబడని 1ని గుర్తుపట్టారు, దాన్ని కూడా 2తో భాగించారు, సగం వచ్చింది, "సగం పరమాణువు ఉండదు కదా" అని దాన్ని 1 చేసేశారు. సగం పరమాణువు ఉండదన్నది నిజమే. అయితే దానికి మందు రౌండ్ చేయడం కాదు, వెనక్కి వెళ్లడం. ఒక్క చోట సగం వచ్చిందంటే మీరు భాగించిన సంఖ్య తప్పు. అంకెలన్నిటినీ తిరిగి 2తో గుణించండి, బయలుదేరిన చోటికే వస్తారు. వచ్చే పాఠంలో శాతాల లెక్కలో 1.98ని 2గా రౌండ్ చేస్తాం, అక్కడ అది ప్రయోగంలో వచ్చే చిన్న తేడా. అణు ఫార్ములాలో ఉన్నవి లెక్కపెట్టిన పరమాణువులు. ఇక్కడ రౌండ్ చేయడానికి ఏమీ లేదు. ఈ పాఠంలో ఎక్కడైనా రౌండ్ చేశారంటే ఆ జవాబు తప్పని అక్కడికక్కడే అనుకోండి.

క్యాప్సైసిన్ చూద్దాం. సి₁₈హెచ్₂₇ఎన్ఓ₃. ఇది నేను కావాలనే ఎంచుకున్న ఉదాహరణ. 18, 27, 3 మూడూ 3తో నిశ్శేషంగా పోతాయి. చూడగానే చెయ్యి ఊరుకోదు, సి₆హెచ్₉ఎన్ఓ అని రాసేస్తుంది. మధ్యలో నైట్రోజన్ ఒంటరిగా ఉంది. దాని విలువ 1. అసలు క్యాప్సైసిన్‌లో అణుభారం 305కి నైట్రోజన్ 14, అంటే దాదాపు 4.6 శాతం. మీ సి₆హెచ్₉ఎన్ఓలో 111కి 14, అంటే 12.6 శాతం. నైట్రోజన్ దాదాపు మూడు రెట్లు పెరిగిపోయింది. గుంటూరు మిర్చిలో ఉన్న క్యాప్సైసిన్‌కైనా, ల్యాబ్‌లో తయారైన క్యాప్సైసిన్‌కైనా ఎంపిరికల్ ఫార్ములా సి₁₈హెచ్₂₇ఎన్ఓ₃ మాత్రమే.

ఇదే బాపతువి ఇంకొన్ని, వరసగా చదువుకుంటూ పోండి. కర్పూరం సి₁₀హెచ్₁₆ఓ: ఆక్సిజన్ 1, మారదు. పిప్పరమెంటు వాసననిచ్చే మెంథాల్ సి₁₀హెచ్₂₀ఓ: మారదు. 10, 20 చూసి 10తో కొట్టేయాలనిపిస్తుంది, ఆగండి. వాములో ఉండే థైమాల్ సి₁₀హెచ్₁₄ఓ: మారదు. పారాసిటమాల్ సి₈హెచ్₉ఎన్ఓ₂: మారదు. ఆకుల పచ్చదనం, క్లోరోఫిల్-ఎ: కార్బన్ 55, హైడ్రోజన్ 72, మెగ్నీషియం 1, నైట్రోజన్ 4, ఆక్సిజన్ 5. అంకెలు చూసి భయపడే పని లేదు, మెగ్నీషియం ఒక్కటే ఉంది, లెక్క అయిపోయింది.

ఇక నేను చేసే పద్ధతి. పుస్తకాల్లో అన్ని అంకెల గ.సా.భా. తీయమంటారు. తప్పేం కాదు, పరీక్షలో టైమ్ తింటుంది. నేనైతే ముందు అన్నిటికంటే చిన్న అంకె ఏదో చూస్తాను. అది 1 అయితే పెన్ను కింద పెట్టేయడమే. 1 కాకపోతే, అన్నిటినీ భాగించగల సంఖ్య తప్పకుండా ఆ చిన్న అంకెని కూడా భాగించాలి. కాబట్టి దాని భాజకాలనే పరీక్షిస్తాను, పెద్దదాని నుంచి కిందికి.

దీని బలం మనిషి ఇన్సులిన్ దగ్గర తెలుస్తుంది. కార్బన్ 257, హైడ్రోజన్ 383, నైట్రోజన్ 65, ఆక్సిజన్ 77, సల్ఫర్ 6. ఐదు సంఖ్యల గ.సా.భా. తీయడం మొదలుపెడితే టెన్షన్ వస్తుంది. అన్నిటికంటే చిన్నది 6. దాని భాజకాలు 6, 3, 2. 257 బేసి సంఖ్య, కాబట్టి 6, 2 పోయాయి. 2, 5, 7 కూడితే 14, అది 3తో పోదు, కాబట్టి 3 కూడా పోయింది. అయిపోయింది. ఇన్సులిన్ అణు ఫార్ములాయే ఎంపిరికల్ ఫార్ములా. మిగిలిన మూడు సంఖ్యల వైపు చూడాల్సిన అవసరమే రాలేదు.

పంచదార సి₁₂హెచ్₂₂ఓ₁₁. చిన్నది 11, ప్రధాన సంఖ్య. 12ని 11 భాగించదు. మారదు. ఇందులో 12, 22 చూసి 2తో కొట్టి, ఆక్సిజన్‌ని 5 అనో 6 అనో రాసినవాళ్లున్నారు. పైన రౌండింగ్ గురించి చెప్పింది మళ్లీ చదవండి.

విటమిన్ సి, నిమ్మ ఉప్పు అని కొట్లో అమ్మే సిట్రిక్ ఆమ్లం, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చేయండి. విటమిన్ సి అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, సి₆హెచ్₈ఓ₆. చిన్నది 6. 6తో 8 పోదు, 3తో పోదు, 2తో అన్నీ పోతాయి: సి₃హెచ్₄ఓ₃. సిట్రిక్ ఆమ్లం సి₆హెచ్₈ఓ₇. ఒక్క ఆక్సిజన్ ఎక్కువ. 7 ఉంది కాబట్టి 2 పనికిరాదు, 8 ఉంది కాబట్టి 3 పనికిరాదు. మారదు. పరీక్షలో ఇలాంటి జంటలే అడుగుతారు.

సగంలో ఆగిపోవడం ఇంకో సమస్య. గ్లూకోజ్‌ని 2తో భాగించి సి₃హెచ్₆ఓ₃ దగ్గర ఆపేసినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. అది పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం అణు ఫార్ములా. 3తో ఇంకోసారి పోతుంది. భాగించాక వచ్చిన అంకెల్లో మళ్లీ చిన్నదాన్ని చూడండి, 1 వచ్చేదాకా, లేదా ఇక ఏదీ భాగించదని తేలేదాకా. కెఫీన్ సి₈హెచ్₁₀ఎన్₄ఓ₂: 2తో భాగిస్తే సి₄హెచ్₅ఎన్₂ఓ, ఆక్సిజన్ 1కి వచ్చేసింది, ఆపేయొచ్చు. బట్టల్లో పెట్టే కలరా ఉండల్లోని నాఫ్తలీన్ సి₁₀హెచ్₈: సి₅హెచ్₄. లవంగంలోని యూజెనాల్ సి₁₀హెచ్₁₂ఓ₂: సి₅హెచ్₆ఓ. వంటగ్యాస్ సిలిండర్లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. సి₃హెచ్₈ మారదు, సి₄హెచ్₁₀ మాత్రం సి₂హెచ్₅ అవుతుంది. నీలిమందు సి₁₆హెచ్₁₀ఎన్₂ఓ₂: సి₈హెచ్₅ఎన్ఓ.

భాగించిన 6ని పారేయలేక ఫార్ములా ముందు పెట్టి 6సిహెచ్₂ఓ అని రాశారు కొందరు. అలా రాస్తే ఆరు ఫార్మాల్డిహైడ్ అణువులు అని అర్థం. ఆ 6 అవసరమే, పక్కన రాసి ఉంచుకోండి, అణుభారం లెక్కల్లో వాడతాం. ఫార్ములాలో మాత్రం దానికి చోటు లేదు.

ఫార్ములాని గ్రూపులుగా విడదీసి ఇచ్చినప్పుడు ముందు పోగు చేయాలి. ఎసిటిక్ ఆమ్లం సిహెచ్₃సిఓఓహెచ్ అని ఇస్తే కార్బన్ రెండు చోట్ల, హైడ్రోజన్ రెండు చోట్ల, ఆక్సిజన్ రెండు చోట్ల ఉంది. కూడితే సి₂హెచ్₄ఓ₂, తర్వాత సిహెచ్₂ఓ. యూరియాని సిఓ(ఎన్‌హెచ్₂)₂ అని రాస్తారు. బ్రాకెట్ బయటి 2 లోపలి రెండింటికీ వర్తిస్తుంది: ఎన్ 2, హెచ్ 4. మొత్తం సిహెచ్₄ఎన్₂ఓ, కార్బన్ 1, మారదు. అమ్మోనియం నైట్రేట్ ఎన్‌హెచ్₄ఎన్ఓ₃లో నైట్రోజన్ రెండు వైపులా ఉంది: ఎన్₂హెచ్₄ఓ₃. 3 ఉంది కాబట్టి ఇదీ మారదు. పోగు చేయకుండా భాగించడం మొదలుపెట్టొద్దు.

అణు ఫార్ములా చేతిలో ఉండగా ఈ చిన్న ఫార్ములా దేనికి అని కొందరు అడిగారు. మంచి ప్రశ్న. చరిత్రలో ముందు దొరికింది చిన్నదే. తెలియని పదార్థాన్ని మండించి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌నీ నీటినీ తూచితే నిష్పత్తి తెలుస్తుంది. 1831లో జర్మనీలో లీబిగ్ ఇందుకోసం పొటాష్ ద్రావణం నింపిన ఐదు బుడ్ల గాజు పరికరం తయారుచేశాడు. కార్బన్ డయాక్సైడ్‌ని ఆ ద్రావణం పీల్చుకుంటుంది, పరికరం బరువు ఎంత పెరిగిందో చూస్తే చాలు. అయితే ఈ తూకం అణువు ఎంత పెద్దదో చెప్పదు. 1825లో లండన్‌లో ఫారడే దీపాల గ్యాస్‌ని ఒత్తిడితో నింపినప్పుడు మిగిలే నూనెని పరీక్షించి బెంజీన్‌ని వేరుచేశాడు. అదే నూనెలోంచి వచ్చిన ఒక వాయువులో కార్బన్, హైడ్రోజన్ పాళ్లు ఇథిలీన్‌లో ఉన్నట్టే ఉన్నాయి, సాంద్రత మాత్రం రెట్టింపు. ఇప్పుడు మనం వాటిని సి₂హెచ్₄, సి₄హెచ్₈ అని రాస్తాం. రెండింటికీ ఎంపిరికల్ ఫార్ములా సిహెచ్₂. ఒకే పాళ్లు, వేరు వేరు అణువులు. అణుభారం తెలిస్తే తప్ప ఏది ఏదో చెప్పలేం.

అందుకే ఇక్కడి నుంచి వెనక్కి దారి ఒక్కటి కాదు. సిహెచ్ అని చెబితే అది వెల్డింగ్‌కి వాడే ఎసిటిలీన్ సి₂హెచ్₂ కావచ్చు, బెంజీన్ సి₆హెచ్₆ కావచ్చు, థర్మోకోల్‌కి మూలమైన స్టైరీన్ సి₈హెచ్₈ కావచ్చు. సిహెచ్ఎన్ అంటే హైడ్రోజన్ సయనైడ్, మన డీఎన్ఏలోని అడెనిన్ సి₅హెచ్₅ఎన్₅ కూడా అదే. ఈ కలయిక ఉత్త అంకెలదే కాదు. 1960 ప్రాంతంలో జువాన్ ఓరో హైడ్రోజన్ సయనైడ్, అమ్మోనియా ఉన్న ద్రావణాన్ని వేడిచేసి అడెనిన్‌ని నిజంగానే తయారుచేశాడు. ఐదు హైడ్రోజన్ సయనైడ్ అణువుల్లో ఉన్నన్ని పరమాణువులే ఒక అడెనిన్‌లో ఉంటాయి. ఎంపిరికల్ ఫార్ములా చూస్తే ఆ సంగతి ఒక్క చూపులో తెలుస్తుంది. నాకు ఈ అధ్యాయం ఇష్టం కావడానికి ఇదొక కారణం.

ఇంట్లో వ్యవసాయం ఉన్నవాళ్లు డీఏపీ బస్తా మీద 18:46:0 అని చూసే ఉంటారు. 18 నైట్రోజన్ శాతం. 46 ఫాస్ఫరస్ శాతం కాదు, ఉన్న ఫాస్ఫరస్‌ని పి₂ఓ₅ రూపంలో లెక్కగడితే వచ్చే శాతం. నిజానికి బస్తాలో పి₂ఓ₅ ఉండదు. ఆ ఆక్సైడ్ అణువు కూడా పి₂ఓ₅ కాదు, పి₄ఓ₁₀. ఎంపిరికల్ ఫార్ములాని బట్టి ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ అని పేరు పడి, అలాగే నిలిచిపోయింది. లెక్కకేమీ నష్టం లేదు: 142కి 62 అయినా, 284కి 124 అయినా ఫాస్ఫరస్ 43.7 శాతమే. 46లో 43.7 శాతం అంటే సుమారు 20. డీఏపీ బస్తాలో ఫాస్ఫరస్ ఇరవై శాతం దగ్గర ఉంటుంది.

అభ్యాసం. ఈసారి తేలికవి ఇవ్వడం లేదు, నాలుగూ రాసి చేయండి.

మొదటిది: చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లం సి₄హెచ్₆ఓ₆, పాలకూరలో ఉండే ఆక్జాలిక్ ఆమ్లం సి₂హెచ్₂ఓ₄, పసుపులోని కర్క్యుమిన్ సి₂₁హెచ్₂₀ఓ₆, పొగాకులోని నికోటిన్ సి₁₀హెచ్₁₄ఎన్₂. నాలుగింటికీ ఎంపిరికల్ ఫార్ములా, పక్కన ఏ సంఖ్యతో భాగించారో. మారనిదానికి ఎందుకు మారదో ఒక్క ముక్క.

రెండోది: పొటాషియం డైక్రోమేట్‌లో పొటాషియం 2, క్రోమియం 2, ఆక్సిజన్ 7. ఒక విద్యార్థి పొటాషియం 1, క్రోమియం 1, ఆక్సిజన్ 3 అని రాశాడు. అసలు పదార్థంలోనూ, అతని జవాబులోనూ ఆక్సిజన్ శాతం తీసి తేడా చూపించండి. పొటాషియం 39, క్రోమియం 52 తీసుకోండి.

మూడోది: నెయ్యిలో ఉండే బ్యూటిరిక్ ఆమ్లం సి₄హెచ్₈ఓ₂, పామాయిల్‌లోని పామిటిక్ ఆమ్లం సి₁₆హెచ్₃₂ఓ₂, ప్రొపియోనిక్ ఆమ్లం సి₃హెచ్₆ఓ₂. ఈ వరసలో కార్బన్లు ఎన్నున్నా హైడ్రోజన్లు వాటికి రెట్టింపు, ఆక్సిజన్లు ఎప్పుడూ 2. ఏ ఆమ్లాల ఫార్ములా మారుతుంది, ఏవి మారవు? మూడూ చేశాక సూత్రం మీరే చెప్పండి.

నాలుగోది కష్టం, గంట పట్టినా పరవాలేదు. మీథేన్, ఈథేన్, ప్రొపేన్ వరసలో హైడ్రోజన్లు ఎప్పుడూ కార్బన్లకి రెట్టింపు కంటే రెండు ఎక్కువ. పది కార్బన్ల దాకా పట్టిక రాసి ఎంపిరికల్ ఫార్ములాలు తీయండి. ఈ వరసలో మీరు ఎంత దూరం వెళ్లినా 2 కంటే పెద్ద సంఖ్యతో భాగించే అవకాశం ఎందుకు రాదో నిరూపించండి. ఉదాహరణలు చూపితే నిరూపణ కాదు. ఒక సంఖ్య కార్బన్లనీ హైడ్రోజన్లనీ రెండింటినీ భాగిస్తే, అది ఇంకా దేన్ని భాగించి తీరాలో ఆలోచించండి.